సాకెట్ కలిసింది, స్క్రీన్ మాత్రం నలుపే

"సార్, సాకెట్ సేమ్. ప్రాసెసర్ చక్కగా కూర్చుంది. మరి డిస్‌ప్లే ఎందుకు రావట్లేదు?" మదర్‌బోర్డు మార్చినవాళ్ల దగ్గర నేను ఇన్నేళ్లుగా వింటున్న మాట ఇదే. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు.

అపోహ: సాకెట్ కలిస్తే చాలు.

వాస్తవం: చాలదు. చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే బోర్డు చిప్) ఆ ప్రాసెసర్‌కు సరిపడాలి, బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) దాన్ని గుర్తుపట్టాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ బోల్తా పడ్డాను. ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ ఐ5-8400 కోసం పాత 100 సిరీస్ చిప్‌సెట్ ఉన్న హెచ్110 బోర్డు తెచ్చాను. రెండింటి సాకెట్ పేరూ ఎల్‌జీఏ 1151, గాట్లు కూడా కుదిరాయి. ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగానే ఉంది. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాను, కేబుల్ మార్చాను, పక్క మానిటర్ తెచ్చి పెట్టాను. రోజంతా పోయాక విషయం తెలిసింది: 2017లో ఇంటెల్ ఆ సాకెట్ పేరు మార్చకుండానే, అంతకుముందు ఖాళీగా ఉంచిన కొన్ని పిన్నులను కరెంటుకి వాడేసింది. డెస్క్‌టాప్ 8వ తరానికి 300 సిరీస్ బోర్డే కావాలి.

ఏఎండీ కంపెనీ ఏఎం4 సాకెట్‌లో తంటా వేరు. బి450 బోర్డు మీద రైజెన్ 5 5600 నడుస్తుంది, కానీ బోర్డులో పాత బయోస్ ఉంటే బూట్ కాదు. ఫ్లాష్‌బ్యాక్ బటన్ (ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేసేది) లేకపోతే, అప్‌డేట్ చేయడానికి ముందు ఒక పాత ప్రాసెసర్ వెతుక్కోవాలి!

అందుకే కొనేముందు బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరవండి. మీ ప్రాసెసర్ పూర్తి పేరు, పక్కన బయోస్ వెర్షన్ చూడండి. వీడియో కింద ఎవరో "నాకు పనిచేసింది బ్రో" అన్నారని కొనకండి.

అపోహ: "ఐ5 బోర్డు" అడిగితే సరిపోతుంది.

అలాంటి బోర్డే లేదు. ఐ5లు 2009 నుంచి ఎన్ని సాకెట్లు మారాయో!

అపోహ: పాత ర్యామ్ ఎలాగూ పడుతుంది.

డీడీఆర్4, డీడీఆర్5 గాట్లు వేరు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ బోర్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి, పేరు చూసుకోండి. బ్రాండెడ్ సిస్టమ్ అయితే పవర్ కనెక్టర్ కూడా చూడాలి, మామూలు 24 పిన్ కాకపోవచ్చు.

అపోహ: బోర్డు పోతే ఫోటోలు పోయినట్టే.

ఈ టెన్షన్‌తో నిద్ర మానుకున్నవాళ్లను చూశాను. డేటా ఉండేది డ్రైవ్‌లో, బోర్డులో కాదు. అయితే బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే కొత్త బోర్డు మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలామందికి అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది. పాత బోర్డు విప్పకముందే ఫోన్‌లో లాగిన్ అయి, కాగితం మీద రాసి పెట్టుకోండి.