తలకు సన్నటి కరెంటు: ఒక ప్రశ్న వెనక వందేళ్ల కథ

విజయవాడ సూర్యారావుపేటలో ఈఈజీ (మెదడులోని కరెంటును గీతలుగా చూపే పరీక్ష) తీయించుకునేవాళ్లకు ముందురోజే ఒక మాట చెబుతారు: తలకు నూనె పెట్టకుండా, తలస్నానం చేసి రండి. ఫిట్స్ వచ్చిన మా మేనల్లుణ్ణి ఈ మధ్య అలాగే తీసుకెళ్లాను. తల నిండా జిగురుతో వైర్లు అంటించి, "కళ్లు మూసుకో నాన్నా... ఇప్పుడు తెరువు... గట్టిగా ఊపిరి తీసి వదులు" అని టెక్నీషియన్ చెబుతుంటే స్క్రీన్ మీద గీతలు మారుతూ వచ్చాయి. బయట బెంచీ మీద గుంటూరు నుంచి వచ్చిన ఒకావిడ మాట కలిపారు. కూతురు ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉంటుంది, తలనొప్పి అంటే తీసుకొచ్చారు. "తలకు కొంచెం కరెంటు పెడితే చదివింది బాగా గుర్తుంటుందట కదండీ, ఆ మెషిన్ ఇక్కడ ఉందా?" అని అడిగారు.

అవునని గానీ కాదని గానీ చెప్పి వదిలేయబుద్ధి కాలేదు. ఆ కరెంటు కథ మొదలైంది మార్కుల దగ్గర కాదు, ఆ స్క్రీన్ మీది గీతల దగ్గర.

తలనొప్పికి కరెంటు వాడటం చాలా పాతది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, షాక్ కొట్టే టార్పెడో చేపను బతికుండగానే నుదుటి మీద పెట్టమని రాశాడు. ఇటలీలో గాల్వానీ కప్ప కాళ్ల మీద ప్రయోగాలు చేశాక, 1800 తర్వాతి తొలి ఏళ్లలో ఆయన మేనల్లుడు ఆల్డీనీ మనోవ్యాధి ఉన్నవాళ్ల తలకు బ్యాటరీ కరెంటు పెట్టి చూశాడు. అయితే తల లోపల ఏ కరెంటు నడుస్తోందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1875లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ల, కోతుల మెదడు మీద దాన్ని మొదట కనిపెట్టాడు.

మనిషి మెదడులో దాన్ని పట్టుకున్నది జర్మనీలోని యేనా నగరంలో పనిచేసిన మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. ఆయనను ఆ దారి పట్టించింది ఒక ప్రమాదం. కుర్రతనంలో సైన్యంలో ఉన్నప్పుడు గుర్రం మీద నుంచి పడి, ఫిరంగి బండి చక్రాల కింద పోవాల్సినవాడు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. అదే రోజు ఇంటి నుంచి టెలిగ్రాం వచ్చింది. తమ్ముడికి ఏదో కీడు జరిగిందని అక్కడ అక్క పట్టుబట్టిందట. తన భయం అంత దూరం ఎలా చేరిందా అని జీవితమంతా వెతికాడు. దానికి జవాబు దొరకలేదు. 1924లో దొరికింది వేరొకటి: మనిషి తల నుంచి తీసిన తొలి ఈఈజీ. ఐదేళ్లు దాచుకుని 1929లో ప్రచురిస్తే తోటివాళ్లు నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అదే చేసి చూపించాకే ప్రపంచం ఒప్పుకుంది.

కళ్లు మూసుకుంటే సెకనుకు సుమారు 10 సార్లు లేచి పడే అల కనిపిస్తుంది. తెరిస్తే అది అణిగిపోతుంది. బెర్గర్ దానికి ఆల్ఫా అని పేరు పెట్టాడు. మా వాడికి "కళ్లు మూసుకో, తెరువు" అని చెప్పింది దీన్ని చూడటానికే. తర్వాత నిద్రలో నెమ్మదిగా నడిచే డెల్టా, జ్ఞాపకంతో ముడిపడిన తీటా, చురుకైన బీటా, ఇంకా వేగమైన గామా వరసకు చేరాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నుంచి మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. గామా కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి ఈఈజీ మెషిన్ ఆ గదిలోని కరెంటు రొదను వడగట్టాల్సి వస్తుంది.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. ఏకాగ్రత పెడితే ఆ అలల్లో ఒక లయ, గుర్తు తెచ్చుకుంటుంటే ఇంకో లయ కనిపిస్తాయి, సరే. మరి ఆ లయ వల్లే ఆలోచన సాగుతోందా? లేక మిల్లు ఆడుతుంటే వచ్చే చప్పుడు లాంటిదేనా? ఎంతసేపు చూస్తూ కూర్చున్నా ఇది తేలదు. లయను మనమే కదిపి, ఆలోచన మారుతుందేమో చూడాలి.

కదపడం అనగానే మనవాళ్లకు "షాక్ ట్రీట్‌మెంట్" గుర్తొస్తుంది. అది 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీనీ మొదలుపెట్టినది, మూర్ఛ తెప్పించే చికిత్స. మత్తు ఇవ్వకుండా అది చేయడాన్ని మన 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. నేను చెబుతున్న కరెంటు దానికి చాలా దూరం. అక్కడ వందల మిల్లీ ఆంపియర్లు, ఇక్కడ ఒకటో రెండో. మూర్ఛ రాదు, మనిషి మెలకువగా కూర్చునే ఉంటాడు, చర్మం మీద కాస్త చిమచిమలాడుతుంది.

2000లో జర్మనీలోని గోటింగెన్‌లో పరిశోధకులు నిట్షే, పౌలుస్ ఒక్క మిల్లీ ఆంపియర్ కరెంటుతో కండరాలను కదిలించే మెదడు భాగం చురుకుదనాన్ని పెంచి, దిశ మార్చి తగ్గించి చూపించారు. అది బ్యాటరీ కరెంటులా ఒకే దిశలో పోయేది. 2008 నాటికి అటూ ఇటూ ఊగే కరెంటునూ వాడటం మొదలైంది, లయల కథలో అసలు మలుపు అదే. అట్లతద్ది ఉయ్యాలను ఊపిన చేతికి ఇది తెలుస్తుంది: ఎంత బలంగా తోశామన్నది కాదు, ఎప్పుడు తోశామన్నది ముఖ్యం. ఉయ్యాల వెనక్కి వచ్చి ఆగిన క్షణంలో చిన్నపిల్ల తోసినా అది పైకి లేస్తుంది. మెదడు లయకు సరిపడే వేగంతో ఊగే సన్నటి కరెంటు కూడా అలా పనిచేస్తుందని ఆశ.

2012లో గోటింగెన్‌లోనే పొలానియా బృందం నుదుటి వెనక భాగానికీ నడినెత్తి వెనక భాగానికీ ఒకేసారి తీటా వేగంలో కరెంటు పంపింది. రెండూ ఒకే తాళంలో ఊగితే, అక్షరాలు గుర్తుపెట్టుకునే పరీక్షలో జవాబులు త్వరగా వచ్చాయి. ఎదురు తాళంలో ఊగితే ఆలస్యమయ్యాయి. కరెంటు అంతే, వేగం అంతే, తాళం ఒక్కటే మారింది. ఈ ప్రయోగం నాకు చాలా ఇష్టం. 2019లో బోస్టన్‌లో రైన్‌హార్ట్, న్గుయెన్ 60 నుంచి 76 ఏళ్ల వాళ్లకు 25 నిమిషాలు ఇలాంటి కరెంటు ఇస్తే, కాసేపు మనసులో పెట్టుకునే జ్ఞాపకం మెరుగుపడింది. ఆ ఫలితం కనీసం 50 నిమిషాలు నిలిచింది. పత్రికలు పట్టుకున్నది దాన్నే. బెంచీ మీద ఆమె దాకా వచ్చిందీ ఆ కబురే అయివుండాలి.

ఆమె దాకా రానిది ఆ కబురులో రెండో సగం. 2018లో నాడీ శాస్త్రవేత్త బుజాకి బృందం శవాల మీద కొలిచి, పెట్టిన కరెంటులో సుమారు 75 శాతం చర్మం, పుర్రె దగ్గరే పోతోందని చెప్పింది. మరుసటి ఏడాది బెల్జియంలోని లూవెన్‌లో ఇంకో పేచీ బయటపడింది: చర్మానికి మొద్దుబారే మందు రాస్తే, చేతి వణుకు మీద కరెంటు ప్రభావం తగ్గిపోయింది. అంటే కొంత పని చేస్తున్నది మెదడులోకి దిగిన కరెంటు కాదు, చర్మంలోని నరాలు. అదే ఏడాది మాంట్రియల్‌లో మెలకువగా ఉన్న కోతుల మెదడులో నేరుగా చూసినవాళ్లకు మాత్రం నాడీకణాలు కరెంటు తాళానికి తగ్గట్టు స్పందిస్తూ కనిపించాయి. రెండూ నిజమే. పోల్చి చూడటానికి ప్రయోగం చేసేవాళ్లు కొందరికి కరెంటు అర నిమిషం ఇచ్చి ఆపేస్తారు. చిమచిమ తెలుస్తుంది, ఎవరికి అసలుది అందిందో వాళ్లకు తెలియదు. ఫిట్స్ ఉన్నవాళ్లను ఈ ప్రయోగాల్లోకి సాధారణంగా తీసుకోరు.

ఇదంతా ఆమెకు నాకు తోచినట్టు చెప్పాను. ఆన్‌లైన్‌లో అమ్మే మెషిన్లు కొని పిల్ల తలకు పెట్టొద్దని గట్టిగానే చెప్పాను. 2006లో జర్మనీలోని ల్యూబెక్‌లో చేసిన ప్రయోగం గురించి కూడా చెప్పాను. అక్కడ గాఢనిద్రలో ఉన్నవాళ్లకు నిద్ర అలల వేగంలోనే కరెంటు ఇస్తే, రాత్రి నేర్చుకున్న పదాల జంటలు పొద్దున మెరుగ్గా గుర్తున్నాయి. తర్వాత చేసిన కొందరికి ఆ లాభం కనిపించలేదు. ఆ నెమ్మది అలలు మాత్రం ఏ మెషినూ లేకుండానే ప్రతి రాత్రీ వస్తాయి.

"మీ పాప ఎన్ని గంటలు నిద్రపోతుందండీ?" అని అడిగాను.

"స్టడీ అవర్ అయ్యేసరికి పదకొండున్నర అవుతుంది. నాలుగున్నరకి బెల్లు కొడతారు" అన్నారు.