"తమ్మీ, ఆ ఒక్క స్టార్ తీసెయ్యరాదు?": గూగుల్ రివ్యూల మీద అపోహలు, వాస్తవాలు

హన్మకొండ చౌరస్తాకి దగ్గర్లో నాది చిన్న ఆఫీసు. మొదట్లో ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు డిజైన్ చేసేవాణ్ణి. తర్వాత దుకాణాలవాళ్ళకి గూగుల్ మ్యాప్‌లో పేరు, ఫోటోలు, టైమింగులు పెట్టివ్వడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందిది ఒకటే మాట: "తమ్మీ, ఎవడో కావాలని రాసిండు. దీన్ని తీసెయ్యరాదు?" తీసెయ్యడం నా చేతిలో లేదు. ఏది తీయించగలం, ఏది తీయించలేం అన్నది మాత్రం చెప్పగలను.

అపోహ: ఒక్క స్టార్ ఇచ్చినవాడు పక్క షాపువాడి మనిషే.

రోజూ వినేది ఇదే, కాబట్టి దీన్ని కాస్త సాగదీస్తాను. సుబేదారి వైపు మెస్ నడిపే ఆయన ఒకరోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని వచ్చారు. వారంలో మూడు ఒక్క స్టార్‌లు. ఎదురుగా కొత్తగా తెరిచిన మెస్ మీద అనుమానం. లాయర్‌తో మాట్లాడేశారు కూడా. కూర్చోబెట్టి, టీ చెప్పి, మూడూ మెల్లగా చదివాం.

మొదటిది: "ఏసీ పనిచేయలేదు, వెయిటర్ ఇరవై నిమిషాలు పట్టించుకోలేదు." ఈయన మెస్‌లో ఏసీ లేదు, వెయిటరూ లేడు. టోకెన్ తీసుకుని ఎవరి ప్లేటు వాళ్ళే తెచ్చుకోవాలి. వెతికితే కాజీపేటలో దాదాపు అదే పేరుతో ఫ్యామిలీ రెస్టారెంట్ ఉంది. వాళ్ళకి పడాల్సిన తిట్లు ఈయనకి పడ్డాయి.

రెండోది: "ఆదివారం పెరుగు బాగా పుల్లగా ఉంది, అడిగితే కౌంటర్‌లో ఉన్నతను కసురుకున్నాడు." ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పెరుగు నిజమే తమ్మీ, ఆ రోజు పాలాయన రాలే. కసురుకున్నది మా బామ్మర్ది" అన్నారు. కేసు వేద్దామనుకున్నది ఈ రెండోదాని మీదే!

మూడోదానికి రాత లేదు, ఒక్క స్టార్ మాత్రమే. రాసినవాళ్ళ పేరు మీద నొక్కితే, ఒకే సాయంత్రం ఊళ్ళో ఐదు మెస్‌లకి ఒక్కో స్టార్, ఒక మెస్‌కి ఐదు స్టార్‌లు ఇచ్చిన ఖాతా అది. మూడింటిలో అనుమానించాల్సింది ఇదొక్కటే.

కాబట్టి రివ్యూ చూడగానే కోపం రావడం సహజమే కానీ, ముందు బిల్లు పుస్తకం తీయండి. ఆ తేదీ యూపీఐ హిస్టరీ చూడండి. సీసీ కెమెరా రికార్డింగ్ ఉంటే ఆ రోజుదే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. డిస్క్ నిండితే పాతది దానంతట అదే చెరిగిపోతుంది. రివ్యూని, రాసినవాళ్ళ ప్రొఫైల్‌ని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, లింక్ కాపీ చేసి పెట్టుకోండి. మీరు రిప్లై ఇవ్వగానే అవతలివాళ్ళు రివ్యూ మార్చేయొచ్చు, ఆ తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

అపోహ: పదిమందితో రిపోర్ట్ కొట్టిస్తే పోతుంది.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో లింక్ పెట్టి "అందరూ రిపోర్ట్ కొట్టండి" అనడం మామూలైపోయింది. గూగుల్ చూసేది ఎంతమంది కొట్టారని కాదు, రివ్యూ వాళ్ళ నిబంధన ఏదైనా తప్పిందా అని. బూతులు, బెదిరింపు, ఫోన్ నంబరు లాంటి వ్యక్తిగత వివరాలు, ఆ దుకాణానికి సంబంధం లేని విషయం, పోటీదారుడో మాజీ ఉద్యోగో రాసింది, అసలు రాకుండానే రాసింది ఇవన్నీ నిబంధనల కిందికి వస్తాయి. "పెరుగు పుల్లగా లేదు, తియ్యగానే ఉంది" అన్న వాదన రాదు. కస్టమర్‌కీ ఓనర్‌కీ మధ్య ఎవరిది నిజమో తేల్చే పని తాము పెట్టుకోబోమని గూగుల్ చెప్పేసింది. అందుకే రిపోర్ట్ చేసేటప్పుడు "అబద్ధం" అని మొత్తుకోవడం కంటే, ఏ నిబంధన తప్పిందో సరైనది ఎంచుకోవడం ముఖ్యం.

మీ ఓనర్ ఖాతాలోంచి ఒక్కసారి రిపోర్ట్ చేస్తే చాలు. కొన్ని రోజులు పడుతుంది. రివ్యూల మేనేజ్‌మెంట్ టూల్‌లో అది ఎక్కడిదాకా వచ్చిందో కనిపిస్తుంది. కుదరదంటే అప్పీల్ ఒక్కసారే, కాబట్టి ఆధారాలు సిద్ధం చేసుకున్నాకే ఆ బటన్ నొక్కండి. రాత లేని స్టార్ తీయించడం మాత్రం కష్టం, తప్పు చూపించడానికి అక్కడ మాటే ఉండదు. మెస్ ఆయన మూడో రివ్యూ అప్పీల్‌లో కూడా పోలేదు. ఇప్పటికీ ఉంది.

అపోహ: మనవాళ్ళతో ఫైవ్ స్టార్‌లు కొట్టిస్తే బ్యాలెన్స్ అయిపోతుంది.

వద్దు. ఫైవ్ స్టార్ అయినా ఫేక్ ఫేకే. పట్టుబడితే ఆ రివ్యూలు పోవడమే కాదు, కొన్నాళ్ళు కొత్త రివ్యూలు రాకుండా ఆపేస్తారు, ఫేక్ రివ్యూలు తీసేశామని మీ పేజీ మీదే హెచ్చరిక పెట్టొచ్చు. "రివ్యూ రాస్తే పది శాతం తగ్గింపు" అని బోర్డు పెట్టడమూ తప్పే. బిల్లు ఇచ్చేటప్పుడు "మీకెట్లా అనిపించిందో రాయండి" అని అందరినీ ఒకేలా అడగడంలో మాత్రం తప్పు లేదు.

అపోహ: స్టేషన్‌కి పోతే వెంటనే ఎఫ్ఐఆర్ అవుతుంది.

ఇది కోర్టు పని చూసే లాయర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నది. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద ఉంది, 2024 జులై 1కి ముందు ఐపీసీ 499, 500. రెండేళ్ళ వరకు సాధారణ జైలు లేదా జరిమానా లేదా రెండూ, లేదా సమాజ సేవ. కానీ ఇది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు. మేజిస్ట్రేట్ దగ్గర మీరే ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. "ఐటీ చట్టం 66ఏ పెట్టించండి" అని ఇప్పటికీ అడుగుతారు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్ష వేసే సెక్షన్ అది. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే ప్రచురించిన రోజు నుంచి ఏడాదే గడువు. రాసింది నిజమైతే ఆ దావా నిలవదు, బామ్మర్ది సంగతి గుర్తుంచుకోండి.

గూగుల్‌కి లాయర్ నోటీసు పంపితే వెంటనే తీసేస్తారన్నదీ ఇలాంటిదే. వాడేవాళ్ళు రాసినదానికి బాధ్యత తమ మీద పడకుండా ఐటీ చట్టం సెక్షన్ 79 కింద ఇలాంటి కంపెనీలకి రక్షణ ఉంది. అదే 2015 తీర్పు ప్రకారం, కోర్టు ఆదేశమో ప్రభుత్వ నోటిఫికేషనో అందాకే వాళ్ళకి విషయం తెలిసినట్టు లెక్క. నోటీసు కంటే ముందు వాళ్ళ లీగల్ ఫారం నింపండి, ఫిర్యాదులు చూసే వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. ఖర్చు లేదు.

ఒకచోట మాత్రం స్టేషన్‌కి పోవాల్సిందే. "ఐదు వేలు పంపు, రివ్యూలు తీసేస్తా" అని మెసేజ్ వస్తే అది రివ్యూ గొడవ కాదు, బెదిరించి డబ్బు గుంజడం. అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308, పోలీసులు నేరుగా పట్టించుకునే నేరం. డబ్బు పంపకండి, తిట్టకండి, మెసేజ్‌లు డిలీట్ చేయకండి. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనో, కమిషనరేట్ సైబర్ క్రైమ్ స్టేషన్‌లోనో ఫిర్యాదు ఇవ్వండి. అప్పటికే డబ్బు వెళ్ళిపోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: చెడ్డ రివ్యూకి రిప్లై ఇస్తే ఇంకా పెద్దదవుతుంది.

మీ రిప్లై చదివేది రాసినవాడు ఒక్కడే కాదు, రేపు మీ దగ్గరికి రావాలా వద్దా అని ఆలోచించేవాళ్ళు కూడా. పెరుగు రివ్యూకి మెస్ ఆయన మొదట రాసుకొచ్చింది చూస్తే నాకు చెమటలు పట్టాయి: "తిన్నదంతా తిని ఇప్పుడు రాస్తావా, దమ్ముంటే ఎదురుగా రా." అది చింపేసి ఇలా పెట్టాం: "ఆదివారం పాలు రాక పెరుగు సరిగా లేదు, తప్పు మాదే. కౌంటర్‌లో మాట జారినందుకు క్షమించండి. మళ్ళీ వస్తే నన్ను అడగండి, నేనే వడ్డిస్తాను." ఏసీ రివ్యూకి: "నమస్తే అండి, మా దగ్గర ఏసీ, వెయిటర్లు లేరు, సెల్ఫ్ సర్వీస్. బహుశా మరో హోటల్ అయి ఉంటుంది, ఒకసారి చూడగలరు." రాసినామె నాలుగో రోజు తనంతట తనే తీసేసింది.

డాక్టర్లకి ఒక మాట. "మీ షుగర్ రిపోర్ట్ నా దగ్గరుంది, మీరే మందులు వేసుకోలేదు" అని రిప్లైలో రాయకండి. రివ్యూ తప్పయినా పేషెంట్ వివరాలు బయటపెట్టిన తప్పు మీదవుతుంది.

అపోహ: పేజీ మూసేసి కొత్తది పెట్టుకుంటే పాత మచ్చ పోతుంది.

మ్యాప్‌లో "శాశ్వతంగా మూసేశాం" అని పెట్టినా పాత రివ్యూలు అక్కడే ఉంటాయి. హంటర్ రోడ్డులో ఒక మొబైల్ రిపేర్ షాపాయన నాకు చెప్పకుండా ఇదే చేశారు. ఇప్పుడు ఒకే షట్టర్ మీద రెండు పిన్నులు. పాతదాంట్లో "మూసేశారు" అని చూసి కస్టమర్లు పక్క గల్లీకి పోతున్నారు. రెండూ కలిపించే పనిలో ఉన్నాను.