బిస్కెట్ల డబ్బాలో మూడు నెలల బిళ్ళలు: విశ్వాసం గురించి అపోహలు, వాస్తవాలు

ఆమధ్య గాజువాక వైపు ఒక ఇంటికి ప్రార్థనకి వెళ్లాను. ఆ ఇంటి పెద్దావిడకి చాలా ఏళ్లుగా షుగర్. కుడికాలి వేళ్లు రెండు నల్లబడి ఉన్నాయి. గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చుని నాతోపాటు పాట కూడా పాడింది. ప్రార్థన అయ్యాక కోడలు లోపలికెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టి మూత తీసింది. పైన చిన్న సీసాలో ప్రార్థన నూనె. దాని కింద షుగర్ బిళ్ళల అట్టలు. ఒక్క అట్ట చింపితే ఒట్టు. మూడు నెలల మందులు అలాగే ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది?" అంటే పెద్దావిడ తల దించుకుంది.

"కూటంలో దైవజనుడు చెప్పారయ్యగారూ. బిళ్ళ మింగితే దేవుణ్ణి నమ్మనట్టేనట. నూనె రాసుకుంటన్నాను. తగ్గలేదు. నా విశ్వాసమే చాల్లేదేమో."

నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు. ఆ చెప్పినాయన ఆ సాయంత్రమే వ్యానెక్కి ఇంకో ఊరు వెళ్లిపోయి ఉంటాడు. నల్లబడిన వేళ్లు మాత్రం ఈవిడవి.

ఇరవై ఏళ్లు దాటింది నేను సంఘ పరిచర్యలోకి వచ్చి. ఆసుపత్రి వార్డుల్లో, చావు ఇళ్లల్లో, ఉపవాస కూటాల్లో ఇదే మాట రకరకాల గొంతుల్లో విన్నాను. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: విశ్వాసం ఉంటే జబ్బు తగ్గి తీరాలి. తగ్గలేదంటే విశ్వాసం చాల్లేదు. మందు వేసుకోవడమంటే అపనమ్మకం.

బైబిల్లో ఈ మాట లేదు. దీనికి ఎదురు చెప్పే కథలు మాత్రం బోలెడున్నాయి.

యోహాను 5వ అధ్యాయం తీయండి. బేతెస్ద కోనేటి గట్టున ముప్పై ఎనిమిదేళ్లుగా పడి ఉన్న మనిషి. "బాగుపడాలని ఉందా?" అని యేసు అడిగితే ఆయన అవునని కూడా అనలేదు. నన్ను కోనేట్లో దించే దిక్కు లేదు, నేను వెళ్లేలోపు ఇంకొకడు దిగిపోతున్నాడు అని గోడు చెప్పుకున్నాడు. బాగయ్యి పరుపెత్తుకుని నడిచాడు. నిన్ను బాగుచేసిందెవరు అని అడిగితే పేరు కూడా తెలియదు. విశ్వాసాన్ని తక్కెట్లో వేసి తూచే పనైతే ఈయన తట్ట ఖాళీయే.

మార్కు 9లో కొడుకుని తీసుకొచ్చిన తండ్రి. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేకపెట్టాడు. సగం నమ్మకం, సగం భయం. పిల్లాడు బాగయ్యాడు.

ఇక పౌలు. ఎఫెసులో ఆయన ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి రోగులమీద వేస్తే జబ్బులు పోయాయని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. కూటాల్లో అందరూ చెప్పేది ఈ వచనమే. అదే పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర, తన సహచరుడు త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. ఈ వచనం మీద ప్రసంగం మీరెప్పుడైనా విన్నారా? నేనైతే వినలేదు. ఆ మహానుభావుడి దగ్గర ఇంకో చేతిగుడ్డ లేకపోయిందా? తిమోతికి ఉన్న కడుపు జబ్బుకేమో, ఉత్త నీళ్లే తాగకుండా కాస్త ద్రాక్షారసం పుచ్చుకో అన్నాడు. (ఈ వచనం పట్టుకుని వైన్ షాపుకి దారి అడిగేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్లతో నాకు పని లేదు.) తన ఒంట్లో ముల్లు గురించి మూడుసార్లు బతిమాలుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబొచ్చింది. పౌలు విశ్వాసం చాల్లేదని ఎవరైనా అంటారా? ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు, అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టించాడు. ప్రార్థనా ఉంది, కట్టూ ఉంది. ఒకదానికొకటి అడ్డం రాలేదు.

యేసు పెరిగిన నజరేతు సంగతేంటి, అవిశ్వాసం వల్లే కదా ఆయన అక్కడ అద్భుతాలు చేయలేదు అని అడిగేవాళ్లుంటారు. అది, వడ్లవాడి కొడుకు కదా వీడు అని ఆయన్ని తీసిపారేసిన ఊరు. కాలు నల్లబడుతున్నా కీర్తన పాడుతూ కూర్చున్న ముసలమ్మ కాదు. అక్కడ కూడా కొద్దిమంది రోగుల మీద చెయ్యివేసి బాగుచేశాడని మార్కు రాసే ఉంచాడు. తన దగ్గరికొచ్చిన రోగిని చూసి, నీ విశ్వాసం చాల్లేదు, పో అని యేసు వెనక్కి పంపినట్టు నాలుగు సువార్తల్లో ఒక్కచోటైనా చూపించమనండి.

మన ఊరి సంగతే చూడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయారు, డెస్ గ్రాంజెస్ 1810లో. వాళ్లు పట్టుకున్న పనిలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అచ్చు పుస్తకాన్ని ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. విశ్వాసం తక్కువై పోయారందామా?

అపోహ: నిజమైన విశ్వాసికి దిగులు ఉండదు.

ఇది పై దానికి చెల్లెలు. అక్కకంటే నంగనాచి. షుగర్ కాలి మీద కనబడుతుంది, ఇది కనబడదు.

2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు వారంలో మూడు నాలుగు భూస్థాపనలు చేసిన రోజులున్నాయి. అప్పుడు నేను బాగానే ఉన్నాను. అంతా సద్దుమణిగిన నాలుగు నెలలకి పడ్డాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడేవి, అర్థం ఎక్కేది కాదు. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో మాట ఆగిపోయింది. గొంతు బాలేదని చెప్పి కూర్చున్నాను. అబద్ధం. పాస్టరుకి డిప్రెషన్ అంటే సంఘం ఏమనుకుంటుందోనని టెన్షన్. మన ఊళ్లో మానసిక ఆసుపత్రి చినవాల్తేరులో ఉంది కాబట్టి, ఆ పేరెత్తితేనే నవ్వేవాళ్లున్నారు కదా.

మా ఆవిడ నాకు వాక్యం చెప్పలేదు. పొద్దున్నే గ్లాసుడు చోడి అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్క తెచ్చి పెట్టేది. "తాగి పడుకోండి" అనేది. పది రోజులు చూసి, తనే డాక్టర్ దగ్గర టోకెన్ తీసుకుంది. ఎనిమిది నెలలు బిళ్ళలు వాడాను.

ఆ రోజుల్లోనే మొదటి రాజులు 19 నాకు అర్థమైంది. ఎన్నిసార్లు ప్రసంగించానో ఆ అధ్యాయం! కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దింపిన ఏలీయా, యెజెబెలు బెదిరింపుకి పారిపోయి బదరీవృక్షం కింద కూలబడి, చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఏం చేశాడు? నిన్నగాక మొన్నే కదా అంత అద్భుతం చూశావు, ఇంత అల్పవిశ్వాసమా అని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి చూపించి లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి, మళ్లీ తినమన్నాడు. అప్పుడు ప్రయాణం, హోరేబుకి నలభై రోజులు. "ఇక్కడ నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న అక్కడికి చేరాక వచ్చింది. ముందు తిండి, నిద్ర. ప్రశ్న తర్వాత.

మోషే కూడా ఈ జనాన్ని మోయలేను, నన్ను చంపేయి అన్నాడు (సంఖ్యాకాండము 11). యోనా అన్నాడు. వీళ్ల మాటల్ని దేవుడు పుస్తకంలోంచి కొట్టేయించలేదు.

నా సంగతి సంఘంలో చెప్పిన ఆదివారం, ఆరాధన అయ్యాక ముగ్గురు బయట కాచుకుని ఉన్నారు. ముగ్గురూ మగవాళ్లే. "నాకూ అలాగే ఉందయ్యగారూ" అన్నారు, ఒకరి మాట ఇంకొకరికి వినబడకుండా. ఏళ్ల తరబడి నా ముందే కూర్చున్న మనుషులు. నాకు తెలియదు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా మీతో అంటే, అది పిశాచి పట్టిందని గదిలో పెట్టి అరవకండి. పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టెలి మానస్ 14416 ప్రభుత్వ నంబర్, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, డబ్బులక్కర్లేదు.

అపోహ: ఒకసారి తప్పిపోయినవాణ్ణి దేవుడు పక్కన పెట్టేస్తాడు.

దీనికి నాకంటే మంచి జవాబు జాలరిపేట పెద్దాయన ఒకరు చెప్పారు. యోహాను 21 చదువుతున్నాం. పేతురు మూడుసార్లు యేసు ఎవరో ఎరుగనన్నాడు, అదీ మంట దగ్గర చలి కాచుకుంటూ. తర్వాత మళ్లీ వల పట్టుకుని వెళ్లాడు, రాత్రంతా ఏమీ పడలేదు. తెల్లవారాక ఒడ్డున యేసు నిప్పులు వేసి చేపా రొట్టే పెట్టుకుని ఉన్నాడు. నేను నిప్పులకీ నిప్పులకీ సంబంధం వివరించబోతుంటే పెద్దాయన అడ్డం వచ్చారు.

"అది కాదయ్యగారూ. రేతిరంతా వేటాడి ఒట్టి వలతో వచ్చినోడికి ముందు కూడెట్టాడు సూడండి. అడగాల్సింది తిన్నాకే అడిగాడు. కడుపు కాలినోణ్ణి అడిగితే ఏటి సెప్తాడు?"

పుస్తకం తీసి చూశాను. నిజమే. "రండి భోజనము చేయుడి" 12వ వచనం. "నన్ను ప్రేమించుచున్నావా" 15. భోజనమైన తరువాత అని స్పష్టంగా రాసుంది. వేదాంత కళాశాలలో మాకు ఎవరూ దీన్ని ఇలా చూపించలేదు.

మిగతావి టూకీగా.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది, ఆదివారం. నీళ్లూ కరెంటూ లేని ఆ వారంలోనే, ఈ ఊరి పాపాలకి దేవుడు వేసిన శిక్ష ఇది అని ప్రచారం. లూకా 13 చూడండి: సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది మిగతావాళ్లకంటే అపరాధులా? కారు అన్నాడు యేసు. పుట్టుగుడ్డి విషయంలోనూ, పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే ఎవరూ కాదన్నాడు. మనం చేతిలో బైబిలు పట్టుకునే "ఏ జన్మలో చేసుకున్నానో" అంటాం. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నంతసేపూ మంచివాళ్లే. నోరు తెరిచి కారణాలు వెతికారు, చివరికి దేవుడి కోపం వాళ్ల మీదికే వచ్చింది.

మోయలేని కష్టం దేవుడు ఇవ్వడు అంటారు. మొదటి కొరింథీయులు 10:13లో ఉన్నది శోధన. మన తెలుగులో పాపానికి లాగేదాన్నీ, ఒళ్లు విరిచే కష్టాన్నీ రెంటినీ శోధనే అంటాం కాబట్టి వచ్చిన తికమక. అక్కడి సంగతి పాపంలోకి లాగే దాని గురించి. కష్టం గురించైతే, మా శక్తికి మించిన భారంతో బతుకుతామన్న ఆశ కూడా వదులుకున్నామని అదే పౌలు రెండో ఉత్తరం మొదట్లోనే రాశాడు. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఈ వచనం ఫ్లెక్సీ కొట్టించి ఇవ్వకండి.

"ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అని, తాగొచ్చి పెళ్లాన్ని కొట్టినవాళ్లు నాకే చెబుతుంటారు. ఆ మాట, అలసిపోయి నిద్ర ఆపుకోలేకపోయిన శిష్యులతో అన్నది. కొట్టడం బలహీనత కాదు. దావీదు కూడా పడ్డాడు కదా అంటారు. పడ్డాడు. ఊరియాను చంపించిన దావీదుకి నాతాను ప్రవక్త రొట్టె తీసుకురాలేదు. బీదవాడి గొఱ్ఱెపిల్ల కథ తెచ్చి, "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఎవరికి ఏది తేవాలో దేవుడికి తెలుసు. ఏదెనులో పండు ఆపిల్ అని ఎక్కడా లేదు, అది మాత్రం ఎవరి ప్రాణమూ తీయదు కాబట్టి వదిలేస్తున్నాను.

గాజువాక పెద్దావిడకి రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది. ఇప్పుడు కర్ర పట్టుకుని గుడికొస్తుంది. మొన్న శుక్రవారం ఉపవాస ప్రార్థనకి అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. సంచిలో ఆ బిస్కెట్ల డబ్బా.

"బిళ్ళ వేసుకున్నారామ్మా?"

"టిఫినయ్యాక వేసుకోమన్నారు కదయ్యగారూ. ఇవాళ ఉపవాసం కదా అని..."

కుర్రాణ్ణి సందు చివర బండి దగ్గరికి పంపించి నాలుగు ఇడ్లీ తెప్పించాను. వెనక బెంచీ మీద కూర్చుని తినడానికి ఆవిడ సిగ్గుపడింది. నేను కూడా రెండు తీసుకుని పక్కన కూర్చున్నాను. ఆవేళ ప్రార్థన పావుగంట ఆలస్యంగా మొదలైంది.