టాబ్లెట్: కావాలని పాకం చెడగొట్టి చేసే స్కాట్లాండ్ మిఠాయి

గ్లాస్గోలో చదువుకుంటున్న మా అక్క కూతురు సెలవులకి ఇంటికొచ్చి, సూట్‌కేసు తెరుస్తూనే "పిన్నీ, నీకు టాబ్లెట్ తెచ్చా" అంది. నాకేం జబ్బే అన్నాను. కాగితం విప్పితే లేత గోధుమరంగు ముక్కలు, చూడ్డానికి పాలకోవాకీ మైసూర్‌పాక్‌కీ మధ్యలో ఎక్కడో ఉన్నాయి. కొరికితే ముందు పుటుక్కున విరిగింది, నాలుక మీద సన్నటి ఇసుకలా విడిపోయింది, ఆ తర్వాత వెన్న వాసన వదిలి కరిగిపోయింది. తీపి మాత్రం మామూలు తీపి కాదు, రెండో ముక్కకి కాస్త ధైర్యం కావాలి.

స్కాట్లాండ్‌లో ఇది ఇళ్లలో చేసుకునే మిఠాయి. చర్చి సంతల్లో అమ్ముతారు, భోజనమయ్యాక కాఫీ పక్కన పెడతారు, పెళ్లికొచ్చిన వాళ్ల చేతిలో చిన్న పొట్లం కట్టి పెడతారు. మన కోస్తా పెళ్లిళ్లలో సారెతో పాటు పంచదార చిలకలు వస్తాయి కదా, ఇంచుమించు ఆ హోదా. పేరు ఫ్రెంచి మాట 'తాబ్లెత్' నుంచి వచ్చింది, చిన్న పలక అని అర్థం. మందుబిళ్లకి ఆ పేరు వచ్చింది కూడా అక్కడి నుంచే కాబట్టి నా అనుమానం మరీ తప్పేం కాదు. 18వ శతాబ్దం తొలి రోజుల నాటి లేడీ గ్రిసెల్ బెయిలీ అనే స్కాట్లాండ్ దొరసాని ఇంటి ఖర్చుల పుస్తకంలో దీని ప్రస్తావన ఉంది. అప్పట్లో పంచదారా మీగడే. ఇప్పుడు అందరూ వాడే డబ్బా పాలు, అంటే కండెన్స్‌డ్ మిల్క్, చాలా తర్వాత వచ్చింది: దానికి అమెరికాలో గెయిల్ బోర్డెన్ పేటెంటు తీసుకున్నది 1856లో.

చెరకు పండని చలిదేశంలో ఇంత పంచదార మిఠాయి ఎలా పుట్టిందంటే, ఓడల్లో వచ్చింది. గ్లాస్గోకి పడమరగా, క్లైడ్ నది సముద్రంలో కలిసే వైపున ఉన్న గ్రీనక్ రేవులో 1765లోనే పంచదార శుద్ధి మొదలైంది, ఆ ఊరు ఆ వ్యాపారంతోనే పెరిగింది. ఆ ముడి చక్కెర కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించినది. ఈ తీపి వెనక అదీ ఉంది.

ఇక అసలు సంగతి. మన ఇళ్లలో పాకం పట్టేవాళ్లకి ఉండే భయం ఏమిటి? పాకం పంచదార కట్టేస్తుందేమో అని. గులాబ్‌జామ్ పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండేది అందుకే. ఆ పులుపుకి వేడి తోడై పంచదార కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడిపోతుంది, అవి మధ్యలో అడ్డుపడి మిగతా పంచదార అణువుల్ని వరస కట్టనివ్వవు. టాబ్లెట్ చేసేవాళ్లు సరిగ్గా దీనికి తిరగేసి, పాకం పంచదార కట్టాలనే చేస్తారు. నిమ్మరసం ఉండదు, గ్లూకోజ్ సిరప్ ఉండదు. పంచదారని మొత్తం కరిగించడం, కాచడం, మళ్లీ మనకి కావలసిన సైజులో పలుకులుగా మార్చడం, ఇదే పని అంతా.

కొలతలు సులువు: కిలో పంచదార, 397 గ్రాముల డబ్బా పాలు ఒకటి, 125 గ్రాముల వెన్న, పావు లీటరు పాలు. వాళ్లు చివర్లో కాస్త వెనీలా వేస్తారు, కొందరు ఓ చెంచా విస్కీ కూడా. గిన్నె మాత్రం అడుగు మందంగా, మీరు అనుకున్న దానికి రెట్టింపు పెద్దదిగా ఉండాలి. పాలు పొంగే సంగతి మనకి చెప్పక్కర్లేదు, ఇక్కడ పొంగేది 110 డిగ్రీలు దాటిన జిగట పాకం, చేతిమీద పడితే వదలదు. పిల్లల్ని వంటగదిలోంచి పంపించేయండి.

ముందు పాలు, వెన్న, పంచదార సన్నటి సెగ మీద పెట్టి కలుపుతూ ఉండాలి, ఉడుకు పట్టకముందే పలుకు అన్నది లేకుండా కరిగిపోవాలి. గరిటెతో గిన్నె అంచు మీద గీస్తే కరకర వినిపించకూడదు. కరగని పలుకు ఒక్కటి మిగిలినా తర్వాత దాని చుట్టూ పంచదార చేరి ముతక గడ్డ అవుతుంది. తర్వాత డబ్బా పాలు పోసి ఉడకనివ్వాలి, గరిటె ఆపకుండా.

ఇక్కడ 20 నిమిషాలు ఓపిక పట్టాలి. నేను లెక్క వేసి చూశాను: అన్నీ కలిపితే గిన్నెలో నీరు సుమారు 350 గ్రాములు, అందులో ఇంచుమించు సగం ఆవిరైపోవాలి. నీళ్లలో పంచదార ఎక్కువైన కొద్దీ అది మరిగే వేడి పెరుగుతూ పోతుంది, కాబట్టి థర్మామీటర్ చూపించేది వేడినే అయినా మనం నిజంగా కొలుస్తున్నది మిగిలిన నీటిని. 106, 107 దగ్గర మరగడం మొదలైన పాకం 116కి చేరిందంటే అందులో పంచదార వాటా నూటికి 85 దాటిందన్న మాట. మంట పెద్దది చేస్తే త్వరగా అయిపోతుంది కదా అనిపిస్తుంది, అడుగంటుతుంది తప్ప ఇంకేం కాదు. నీటిని ఆవిరి చేయడానికి బోలెడు వేడి కావాలి, ఆ వేడి థర్మామీటర్ మీద కనపడకుండా మాయమవుతుంది. దాన్ని గుప్తోష్ణం అని చదువుకున్నాం కదా, 1760ల తొలి రోజుల్లో దాన్ని కనిపెట్టిన జోసెఫ్ బ్లాక్ అప్పుడు పాఠాలు చెబుతున్నది గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే. మా అక్క కూతురికి ఈ సంగతి చెబితే "పిన్నీ, నేను మిఠాయే తెచ్చాను, సిలబస్ తేలేదు" అంది.

థర్మామీటర్ లేకపోతే మరీ మంచిది, మన పద్ధతే స్కాట్లాండ్‌లోనూ ఉంది. చల్లటి నీళ్లలో పాకం చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. అరిసెలకి చూసే ఉండపాకమే, పేరు మాత్రమే తేడా. థర్మామీటర్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, అక్కడ నీళ్లే 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి, కాబట్టి 114 దగ్గరే దించేయాలి. విశాఖలో ఉంటే 116 సరిపోతుంది.

ఈలోగా రంగు మారుతుంది, కోవా వాసన వస్తుంది. అది పంచదార మాడడం కాదు. పాలలోని ప్రొటీన్లూ, పాలలోనే ఉండే లాక్టోజ్ అనే చక్కెరా వేడికి కలిసి కొత్త రుచులు తయారుచేస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరుతో మెయిలార్డ్ చర్య అంటారు. పాలకోవా రంగూ, కాల్చిన రొట్టె రంగూ అక్కడివే.

దించాక అసలు పని మొదలు. 100 డిగ్రీల దగ్గర కిలో నీళ్లలో సుమారు 4.9 కిలోల పంచదార కరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర 2 కిలోలే. చల్లారుతున్న పాకం తను మోయలేనంత పంచదారని మోస్తూ ఉంటుంది, కాస్త కదిలిస్తే చాలు వదిలేస్తుంది. అలాంటిదాన్ని కదపకుండా దారం వేలాడదీసి రోజుల తరబడి వదిలేస్తే కొద్ది చోట్లే పలుకులు మొదలై పెద్ద పెద్దవిగా పెరుగుతాయి, అదే పటికబెల్లం. గరిటెతో గట్టిగా గిలక్కొడితే లక్షల చోట్ల ఒకేసారి మొదలవుతాయి, ఏదీ పెద్దది కాలేదు. ఫడ్జ్ అనే మెత్తటి మిఠాయికి పాకాన్ని 45, 50 డిగ్రీల దాకా ముట్టుకోకుండా చల్లార్చి అప్పుడు గిలక్కొడతారు, అందుకే అది నాలుకకి నున్నగా తగులుతుంది. టాబ్లెట్‌ని వేడిగా ఉండగానే మొదలుపెడతారు. వేడి మీద మోయలేని భారం తక్కువ, మొదలయ్యే పలుకులూ తక్కువే, కాబట్టి ఒక్కోటి కాస్త ఎక్కువ పెరుగుతుంది. నాలుకకి సన్నటి ఇసుకలా తగిలేది అదే, స్కాట్లాండ్ వాళ్లు కోరుకునేదీ అదే. మధ్యలో వెన్నా పాల ప్రొటీన్లూ దూరి ఉంటాయి కాబట్టి పటికబెల్లంలా రాయి అవదు.

గిలక్కొట్టడం ఐదు నుంచి పది నిమిషాలు. చెయ్యి పీకుతుంది. ఎక్కడ ఆపాలో పుస్తకం చెప్పలేదు, కళ్లూ చేతులూ చెప్పాలి: మెరుపు పోయి పైన మసకబారుతుంది, గరిటె బరువెక్కుతుంది, గిన్నె అంచుల్లో గరుకు మొదలవుతుంది. అప్పుడు వెంటనే నెయ్యి రాసిన పళ్లెంలో పోసేయాలి. నేను మొదటిసారి తొందరపడి ఉండపాకం రాకముందే దించేశాను, ఎంత తిప్పినా లేహ్యంలా మిగిలిపోయింది, వారం రోజులు చెంచాతో తిన్నాం. రెండోసారి ఇంకొక్క నిమిషం తిప్పుదాం అనుకున్నాను, గిన్నెలోనే బిగుసుకుపోయింది, గరిటెతో సహా. కాసిని పాలు పోసి, కరిగించి, మళ్లీ కాచాను. పంచదారలో ఉన్న మంచి గుణం ఇదే, ఎన్నిసార్లయినా మొదటికి రానిస్తుంది, రంగు కొంచెం ముదురుతుందంతే.

పళ్లెంలో పోసిన పావుగంటకి, ఇంకా గోరువెచ్చగా ఉండగానే చాకుతో గాట్లు పెట్టుకోవాలి, పూర్తిగా చల్లారాక కోస్తే ముక్కలు కావు, పొడి అవుతుంది. వానాకాలంలో గాలిలో తేమని పీల్చి పైపైన జిగురొస్తుంది కాబట్టి మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. ఇక గిన్నె అడుగున అంటుకున్న గరుకు పొర ఉంటుంది చూడండి, దాన్ని గీరి తినే హక్కు గరిటె తిప్పినవాళ్లది, మా ఇంట్లో దాని కోసం ఇప్పటికే రెండు తగువులయ్యాయి.