లైటు వెలిగింది, సెల్ఫ్ తిరగలేదు

మే నెల. తాడిపత్రి దగ్గర నల్ల బండలు ఎత్తుకున్న లారీ ఒకటి కదలనని మొండికేసింది. ఆ ఉదయమే రెండు కొత్త బ్యాటరీలు వేశారు. తాళం తిప్పితే ఇంజిను కింద టక టక టకమని చప్పుడు, అంతే. హెడ్‌లైట్లు మాత్రం పట్టపగలే కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి. ‘‘లైట్లు ఇలా వెలుగుతున్నాయంటే బ్యాటరీలు బాగున్నట్టే కదన్నా, సెల్ఫ్ మోటారే కాలిపోయింది’’ అన్నాడు డ్రైవరు, ఎలక్ట్రీషియన్‌తో. షాపువాళ్లు పాత సరుకు అంటగట్టారని క్లీనరు అనుమానం. ఇద్దరిదీ పొరపాటే.

లైటు వెలగడం సాక్ష్యం కాదు. 24 వోల్టుల లారీలో 70 వాట్ల బల్బులు రెండు వెలగాలంటే ఆరు ఆంపియర్లు చాలు. డీజిల్ ఇంజినును తిప్పడానికి సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. డీజిల్ ఇంజినులో స్పార్కు ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడితోనే డీజిల్ అంటుకునేలా చేయాలి. అందుకే అంత బలం కావాలి. ఒకప్పుడు ఈ పని క్లీనరు చేతులు చేసేవి, ముందు నుంచి ఇనుప హ్యాండిల్ తిప్పి. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. 1912 మోడల్ కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ విద్యుత్ మోటారు పెట్టి ఆ బాధ తప్పించాడు.

ఇప్పుడు చిన్న లెక్క. దారిలో ఎక్కడో ఒక జాయింటు తుప్పు పట్టి 0.02 ఓముల అడ్డు వేసిందనుకుందాం. ఆరు ఆంపియర్లకు అక్కడ పోయేది 0.12 వోల్టు. బల్బు ఆ తేడాను కంటికి కనిపించనివ్వదు. అదే 300 ఆంపియర్లు పోవాల్సి వస్తే ఆరు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. అంత కరెంటు నిజంగా ప్రవహిస్తే ఆ బోల్టు దగ్గర పుట్టే వేడి 1800 వాట్లు, ఇస్త్రీపెట్టెను మించిన వేడి. సన్నటి కాలువకు సరిపోయే తూము ఏటి నీటికి సరిపోదు కదా.

టకటకకు కారణమూ ఇదే. తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారు మీదుండే సొలినాయిడ్ (కరెంటు అందితే అయస్కాంతమయ్యే తీగచుట్ట) లోపలికి లాగి పెద్ద కాంటాక్టును కలుపుతుంది. కలిసిన క్షణంలోనే దానికి అందే వోల్టేజి కుప్పకూలుతుంది. సొలినాయిడ్ పట్టు వదిలేస్తుంది. వదలగానే వోల్టేజి మళ్లీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఈ చప్పుడు విని బ్యాటరీ పోయిందనడం తేలిక. నిజంగా బ్యాటరీ పోయినా ఇదే చప్పుడు వస్తుంది మరి.

ఎలక్ట్రీషియన్ ముందు మార్చిన చోటే చూశాడు, అది న్యాయం. కొత్త బ్యాటరీ ధ్రువాల మీద ప్లాస్టిక్ టోపీ ఉండిపోవడం, క్లాంపు వదులుగా కూర్చోవడం, రెండు బ్యాటరీలను కలిపే తీగ తప్పుగా వేయడం వంటివి తరచూ జరిగేవే. ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కు కలిస్తేనే 12, 12 కలిసి 24 అవుతాయి. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే 12 దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ అన్నీ సవ్యంగానే ఉన్నాయి. మీటరు 25.4 చూపించింది, అంటే నిండా చార్జి ఉన్నట్టే.

అయినా అతను అక్కడితో ఆగలేదు. నాకు నచ్చింది అదే. పని చేయని వేళ కొలిచిన వోల్టేజి సగం మాటే చెబుతుంది. ‘‘తాళం తిప్పి పట్టుకో తమ్ముడూ’’ అని డ్రైవరుకు చెప్పి, మీటరు తీగలను బ్యాటరీల మీదే ఉంచాడు. బ్యాటరీలు చచ్చినవైతే అంకె దభీమని పడిపోవాలి. అది 24కు దిగువకు రాలేదు. బ్యాటరీలు నిర్దోషులని తేలిపోయింది. తర్వాత ఒక తీగను బ్యాటరీ మైనస్ ధ్రువానికి, రెండోదాన్ని ఇంజిను ఇనుముకు ఆనించి మళ్లీ తిప్పమన్నాడు. ఆ రెండింటి మధ్య అర వోల్టు కూడా ఉండకూడదు. అంకెలు నిలకడగా లేవు కానీ, ఎగిరిపడ్డప్పుడల్లా పది దాటాయి.

బ్యాటరీ మైనస్ తీగ ఛాసిస్‌కు, అంటే లారీ ఇనుప చట్రానికి బిగించి ఉంటుంది. ఇంజిను మాత్రం ఛాసిస్ మీద నేరుగా కూర్చోదు, అదురు తెలియకుండా రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకని ఛాసిస్ నుంచి ఇంజినుకు జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తారు. సెల్ఫ్ తీసుకున్న కరెంటంతా తిరిగి వెళ్లాల్సింది దాని గుండానే. అది కింద, గ్రీజు మధ్య, బండల దుమ్ములో ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు. పట్టీ పూర్తిగా తెగితే కరెంటు యాక్సిలరేటర్ తీగ లాంటి సన్నటి దారులు వెతుక్కుంటుంది, ఆ తీగ కాలిపోయిన బండ్లూ ఉన్నాయి.

బ్యాటరీ మైనస్ తీగ ముందుగా విప్పి (స్పానర్ పొరపాటున ఛాసిస్‌కు తగిలినా నిప్పులు రాకుండా), పట్టీ బోల్టు ఊడదీశాడు. కింద ఎర్రటి తుప్పు, పచ్చబడ్డ రాగి. ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి బిగించాడు. ఖర్చు దాదాపు లేదు. సెల్ఫ్ ఒక్క తిప్పుకే ఇంజినును లేపింది.

ఆ పట్టీ ఒక్క రోజులో తుప్పు పట్టింది కాదు. పాత బ్యాటరీలు ఎండలకు పోయాయని డ్రైవరు అనుకోవడంలో వింత లేదు, వేడికి బ్యాటరీలో నీరు ఆవిరవుతుంది, లోపలి సీసపు జాలీ త్వరగా తినుకుపోతుంది, రాయలసీమ ఎండల్లో అది మామూలే. కానీ ఆ పాత జతను తాళం తిప్పి పట్టుకుని ఎవరూ కొలిచి చూడలేదు. అవి అప్పటికే మార్పిడి కింద షాపుకు చేరిపోయాయి.