“ఉమ్మనీరు తాగేశాడండి”: పసిబిడ్డల ఊపిరిపై అపోహలు - వాస్తవాలు

పుట్టగానే ఊపిరి అందని పిల్లల మీద నా పరిశోధన. కాకినాడలో కూర్చుని, కోనసీమ లంకల నుంచీ భీమవరం వైపు నుంచీ వచ్చిన కేసుల వివరాలు రాసుకుంటాను. “ఏమైందమ్మా?” అని అడిగితే అమ్మమ్మ దగ్గర ఒకటే జవాబు: “ఆయ్, ఉమ్మనీరు తాగేశాడండి.” ఏడో నెలలో పుట్టినా అదే మాట, ముహూర్తానికి ఆపరేషన్ చేయించినా అదే మాట.

అపోహ: ఆయాసానికి కారణం ఉమ్మనీరు తాగడమే.

కడుపులో ప్రతి బిడ్డా రోజూ ఉమ్మనీరు మింగుతూనే ఉంటుంది. దానివల్ల నష్టం లేదు. ఊపిరితిత్తుల్లో ఉండే నీరు వేరు, అది వాటిలోనే ఊరుతుంది. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో ఎడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి, ఆ నీరు ఊరడం ఆగి, లోపలికి ఇంకడం మొదలవుతుంది. మన భాషలో చెప్పాలంటే మురుగు కాలవ తూము ఎత్తినట్టు. నొప్పులు రాకముందే ఆపరేషన్ చేస్తే ఆ తూము సరిగా లేవదు. అలాంటి బిడ్డ ఆయాసపడుతుంది, చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అసలు భయపడాల్సింది బిడ్డ లోపలే విరేచనం చేసుకుని ఆ పచ్చటి నీటిని పీల్చినప్పుడు.

అమ్మమ్మలను తప్పుపట్టలేను. నెలలు నిండని పిల్లలు ఊపిరాడక చనిపోతుంటే, ఉమ్మనీరు పీల్చడం వల్లేనని ఒకప్పుడు డాక్టర్లు కూడా వాదించారు. 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అనే పరిశోధకులు అసలు సంగతి చూపించారు. ఆ పిల్లల ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టంట్ అనే జిడ్డు పదార్థం తక్కువగా ఉంది. అది లేకపోతే గాలి తిత్తులు ఊపిరి వదిలిన ప్రతిసారీ తడి తగిలిన పూతరేకులా అతుక్కుపోతాయి. మళ్ళీ తెరవడానికి బిడ్డ డొక్కలు ఎగరేస్తుంది, మూలుగుతుంది, చివరికి అలసిపోతుంది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు ఈ జబ్బుతోనే 39 గంటలు బతికి చనిపోయాడు. ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టంట్‌ను 10 మంది పిల్లలకు ఇచ్చి, అది పనిచేస్తుందని జపాన్‌లో ఫుజివారా అనే డాక్టర్ చూపించింది 1980లో.

అపోహ: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు.

పూర్తిగా తలకిందులు. కడుపులో గడిచే ప్రతి వారం ఊపిరితిత్తులకు బలమే. నాకు కోపం తెప్పించే అపోహ ఇదొక్కటే. ఎందుకంటే ఎనిమిదో నెల అని చెప్పడానికి జంకి నెల మార్చి చెప్పేవాళ్ళున్నారు. మేం చేసే వైద్యమంతా ఎన్ని వారాలన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముహూర్తాల సంగతీ ఇంతే. మంచి గడియ చూసుకోండి, నేను కాదనను. కానీ వేరే కారణం లేకపోతే 39 వారాలు నిండాక వచ్చే గడియే చూడమనండి. పంతులుగారి దగ్గరకు వెళ్ళేటప్పుడు స్కానింగ్ కాగితం కూడా తీసుకెళ్తే సరి.

అపోహ: గర్భిణికి స్టెరాయిడ్ ఇంజెక్షనా? అమ్మో, వద్దు.

ఆ పేరే టెన్షన్ పెడుతుంది. న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే డాక్టర్ గొర్రెల కాన్పుల మీద పనిచేస్తుండగా, ఈ మందు పడిన గొర్రెపిల్ల బాగా ముందుగా పుట్టి కూడా ఊపిరి తీసుకోవడం గమనించాడు. ఆయన, హోవీ అనే మరో డాక్టర్ కలిసి తల్లుల మీద చేసిన పరిశోధన 1972లో వచ్చింది. ఇప్పుడు మన దగ్గర, 34 వారాల లోపు కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి, నాలుగు డోసులు. అది బిడ్డలో సర్ఫాక్టంట్ తయారీని తొందరపెడుతుంది. ఖరీదు చాలా తక్కువ. పూర్తి ఫలితానికి దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి “పొద్దున్న చూద్దాం, పంటు (ఏరు దాటించే పడవ) వచ్చాక వెళ్దాం” అనకండి. పెద్దాసుపత్రికి పంపే ముందే మొదటి డోసు మీ ఊరి ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త నర్సు) కూడా ఇవ్వొచ్చు. అడగండి.

ఆక్సిజన్ ఎంత పెడితే అంత మంచిదన్నదీ నిజం కాదు. నెలలు నిండని పిల్లలకు అది ఎక్కువైతే కంటి రెటీనా దెబ్బతింటుంది. అందుకే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే మీటరు 100 చూపించాలని చూడం, 90 - 95 మధ్య ఉంచుతాం. పుట్టగానే ఏడవని బిడ్డను తలకిందులుగా పట్టుకుని చరచడం కూడా మానేయాలి. ఒళ్ళు తుడిచి వీపు రుద్దితే చాలామంది ఏడుస్తారు, ఏడవకపోతే నిమిషంలోపే మాస్కు ఉన్న బ్యాగుతో గాలి అందించాలి. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలోకే వద్దు.

నిద్రలో పసిబిడ్డ ఐదు, పది సెకన్లు ఊపిరి ఆపి మళ్ళీ తీసుకోవడం మామూలే. 20 సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా మామూలు కాదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు బట్ట తీసి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిమిషమంతా లెక్కపెట్టండి. 60 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పాలు తాగకపోయినా 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి, తలకు టోపీ పెట్టి, పైన చీర చుట్టండి. గోదావరి మీద గాలికి చిన్న ఒళ్ళు తొందరగా చల్లబడుతుంది, చల్లబడితే ఆయాసం ఇంకా పెరుగుతుంది.