రేకులు కోసే లేజర్ ఆయుధమైన కథ

విజయవాడ ఆటోనగర్‌లో ఏదైనా లేజర్ కటింగ్ షాపు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ఇనుప రేకు మీద కటింగ్ హెడ్ పరుగు పెడుతుంటే కింద నిప్పురవ్వలు జలజలా రాలుతుంటాయి. కోసే కిరణం మాత్రం కనిపించదు, అది మన కంటికి అందని ఇన్‌ఫ్రారెడ్. పక్కనే మిషన్‌ను చల్లబరిచే బీరువా అంత చిల్లర్ నీళ్లు తిప్పుతూ రొద పెడుతుంటుంది. మే నెలలో అది మొరాయించిందంటే పని అక్కడికి ఆగినట్టే.

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించింది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ‘చెస్’ దాన్ని తయారు చేసింది. ఆ వీడియో చూసినవాళ్లు చాలామంది సినిమాల్లోని ఆయుధం నిజమైందని సంబరపడ్డారు. నాకు మాత్రం ఆటోనగర్ గుర్తొచ్చింది.

లేజర్‌కు సిద్ధాంతం ఐన్‌స్టీన్ 1917లోనే రాశారు. 1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో తొలి లేజర్‌ను వెలిగించారు. సైన్యాల కన్ను దాని మీద పడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1983 మార్చిలో రీగన్ ‘స్టార్ వార్స్’ పథకం ప్రకటించాక ఆశ ఆకాశాన్నంటింది. అణు క్షిపణులను దారిలోనే కాల్చేయాలన్నది లక్ష్యం. అంత శక్తి కోసం రసాయనాలు మండించే లేజర్లు కట్టారు. బోయింగ్ 747 విమానం నిండా ఆ సరంజామా ఎక్కించి, ముక్కు దగ్గర అద్దం బిగించారు. 2010 ఫిబ్రవరిలో అది ఎగురుతున్న క్షిపణిని నిజంగానే కూల్చింది. అయినా మరుసటి ఏడాది ఆ ప్రాజెక్టును ఆపేశారు. పని జరగాలంటే అంత పెద్ద విమానం శత్రువు గుమ్మం దాకా వెళ్లి చక్కర్లు కొట్టాలి మరి!

కథ మలుపు తిరిగింది వర్క్‌షాపుల్లోనే. రేకులు కోయడానికి, వెల్డింగ్‌కి గాజు పోగులో కిరణం పుట్టించే ఫైబర్ లేజర్లు వచ్చాయి. రసాయనాలు అక్కర్లేదు, కరెంటు చాలు. 2014లో అమెరికా నౌక పోన్స్ మీద పెట్టిన లేజర్ ఆయుధంలో ఉన్నవి బజారులో దొరికే ఆరు వెల్డింగ్ లేజర్లే. ఆరింటి వెలుగునూ ఒకే చోట పడేలా చేసి సుమారు 30 కిలోవాట్లు రాబట్టారు.

ఆయుధం సిద్ధమయ్యేసరికి దానికి తగిన లక్ష్యమూ వచ్చింది, డ్రోన్. మన ఊళ్లో డ్రోన్ అంటే వేరే జ్ఞాపకం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్ మేడల మీదికి అన్నం పొట్లాలు మోసింది డ్రోన్లే. ఆ మరుసటి నెలలో పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఒక్కసారిగా ఎగిరితే ఊరంతా కృష్ణ ఒడ్డుకే చేరింది. మరో ఏడు నెలలకు, 2025 మే 8 రాత్రి, పాకిస్థాన్ 36 చోట్లకు 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం చెప్పింది. చవక డ్రోన్ మీదికి ఖరీదైన క్షిపణి వదులుతూ పోతే మన డబ్బులే ముందు అయిపోతాయి. బ్రిటన్ తన ‘డ్రాగన్‌ఫైర్’ లేజర్‌కు ఒక్కో షాట్ ఖర్చు సుమారు పది పౌండ్లని లెక్క చెప్పింది, అంటే వెయ్యి రూపాయల పైచిలుకు. లేజర్ కిరణం మూడు కిలోమీటర్లు దాటడానికి సెకనులో లక్షో వంతు చాలు.

మన దగ్గర ‘కాళి’ అనే లేజర్ ఆయుధం ఉందంటూ వాట్సాప్‌లో తిరిగే మాటలు మాత్రం నమ్మకండి. భాభా అణు పరిశోధన కేంద్రంలోని కాళి ఎలక్ట్రాన్లను వేగంగా తరిమే యంత్రం, లేజర్ కాదు.

లేజర్‌కీ ఇబ్బందులున్నాయి. ఒకే చోట కొన్ని సెకన్లు కదలకుండా పడితేనే రెక్క కాలుతుంది, ఆ తర్వాతే ఇంకో డ్రోన్ సంగతి. పొగమంచు, వాన, దుమ్ము కిరణాన్ని మింగేస్తాయి. తీసుకున్న కరెంటులో సగానికి పైగా వేడిగా మారుతుంది కాబట్టి ఇక్కడా చిల్లర్ గొడవ తప్పదు. అందుకే 2025 ఆగస్టు 23న ఒడిశా తీరంలో చేసిన పరీక్షలో లేజర్‌ను ఒంటరిగా కాకుండా రెండు రకాల క్షిపణులతో కలిపి వాడారు. రాబోయే రోజుల్లోనూ దాని చోటు అదేనని నా నమ్మకం. దూరంగా వచ్చేదాన్ని క్షిపణి చూసుకుంటుంది, దగ్గరికి వచ్చిన చిన్నదాన్ని లేజర్ చూసుకుంటుంది. ఇజ్రాయెల్ 100 కిలోవాట్ల స్థాయికి వెళ్లింది కాబట్టి లేజర్ అందుకోగల దూరం పెరుగుతూనే ఉంటుంది.

నన్ను కలవరపెట్టేది కళ్ల సంగతి. మనుషుల కళ్లు పోగొట్టేందుకే చేసే లేజర్లను 1995 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది, మనమూ అందులో ఉన్నాం. కానీ డ్రోన్‌కి తగిలి చెదిరిన కిరణం ఎటు పోతుందో ఎవరు చూస్తారు? ఆటోనగర్ మిషన్‌కి చుట్టూ మూత ఉంటుంది, లోపలికి చూసే కిటికీకి ప్రత్యేకమైన గాజు ఉంటుంది. కర్నూలు రేంజ్‌లో చుట్టూ ఖాళీ నేల. రేపు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికో, ప్రకాశం బ్యారేజీకో కాపలాగా ఇలాంటిది పెట్టాల్సి వస్తే, కాల్చే ముందు గన్నవరంలో దిగే విమానానికి ఎవరు కబురు చేయాలి, గురి తప్పిన కిరణం ఎటు పోవాలి అన్నవి ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.